ఒక్క కార్నర్ మిగిలి ఉండగా

నెల్లూరులో నవంబరు నెలలో సాయంత్రం మ్యాచ్ పెట్టొద్దని ఇప్పుడైతే ఎవరడిగినా చెప్తాను. ఆ రోజు నాకూ ఆ ఆలోచన రాలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఫుట్‌బాల్, రెఫరీగా నాకు అదే మొదటిది. కాలేజీలో ఆడాను కాబట్టి ఫౌల్, ఆఫ్‌సైడ్ తెలుసు. ఆట ముగించడం ఇంత బరువైన పనని మాత్రం తెలియదు.

ముందురోజు మా పీఈటీ సార్ కూర్చోబెట్టి చెప్పారు. "పెద్దవాళ్లకి సగానికి 45 నిమిషాలు. పిల్లలకి తగ్గించుకోవచ్చు గానీ, ఆ మాట ఆట మొదలవక ముందే అనుకోవాలి. మధ్యలో ఎవరు బతిమాలినా మార్చబాక." మేం 25 అనుకున్నాం. చేతికున్న వాచీ ఆగకుండా నడుస్తుంది. జేబులో ఇంకో స్టాప్‌వాచ్, పోయిన టైమ్ కొలవడానికి. బంతి గీత దాటిన ప్రతిసారీ దాన్ని నొక్కరు. పిల్లాడికి దెబ్బ తగిలినప్పుడు, ఆటగాణ్ణి మార్చినప్పుడు, ఎవరైనా కావాలని సాగదీసినప్పుడు నొక్కుతారు.

రెండో సగంలో గోల్‌కీపరూ ఇంకో పిల్లాడూ తలలు గుద్దుకున్నారు. ఆట ఆపేశాను. కీపర్‌ని బయటికి పంపి వేరే పిల్లాణ్ణి దించేసరికి రెండు నిమిషాల నలభై సెకన్లు పోయాయి. తర్వాత బంతి వెనక కాలవలో పడింది. మార్పులు రెండు. మొత్తం నాలుగు నిమిషాల పైచిలుకు.

25 అయ్యేసరికి స్కోరు 1-0. నాలుగు వేళ్లు చూపించాను. గెలుస్తున్న జట్టు వైపు నుంచి ఒక తండ్రి, "టైమ్ అయిపోయింది, ఇంకా ఏంది సార్?" అని అరిచాడు. అవతలి కోచ్, "నాలుగు చాలదు, ఆరు ఇవ్వాల" అన్నాడు. ఒకసారి చెప్పిన టైమ్‌ని రెఫరీ పెంచవచ్చు, తగ్గించకూడదు. ఆ నిబంధన గుర్తుండబట్టి నిలబడ్డాను.

మూడో నిమిషంలో ఓడుతున్న జట్టుకి కార్నర్ వచ్చింది, అంటే మైదానం మూల నుంచి బంతి కొట్టే అవకాశం. పెనాల్టీ అయితే టైమ్ దాటినా కొట్టనివ్వాలి, కార్నర్‌కి ఆ హక్కు లేదు. 1978 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ కార్నర్ కొట్టాక, బంతి గాల్లో ఉండగానే రెఫరీ క్లైవ్ థామస్ విజిల్ వేశాడు. జికో తలతో కొట్టిన గోల్ చెల్లలేదు, స్వీడన్‌తో మ్యాచ్ 1-1గా ముగిసింది. నిబంధన ఆయన పక్షానే ఉంది. అయినా పిల్లల మ్యాచ్‌లో నేను అలా చేయను. ఈ కార్నర్ పూర్తయ్యాకే విజిల్ వేద్దామనుకున్నాను.

అప్పుడు సముద్రం వైపు మెరిసింది. లోపల్లోపలే లెక్కపెట్టాను. పన్నెండు దగ్గర ఉరిమింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేకపోతే మైదానం ఖాళీ చేయాలని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఎవర్నీ దించకూడదని సార్ రెండుసార్లు చెప్పించుకున్నారు. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు. అంటే పిడుగు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది.

"సార్, ఒక్క కార్నర్ సార్!" బంతి పెట్టుకుని నిలబడ్డ పిల్లాడి గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. విజిల్ వేసి అందర్నీ స్కూలు వరండాలోకి పరిగెత్తించాను. వేపచెట్టు కిందికి పోబోయిన ముగ్గుర్ని చేయి పట్టుకుని లాక్కొచ్చాను. అప్పటికి ఐదు ఇరవై. వాన పట్టుకుంది, ఉరుములు ఆగలేదు. ఆరు దాటేసరికి గోల్‌పోస్టులు కనపడలేదు, గ్రౌండ్‌లో లైట్లు లేవు. మ్యాచ్ రద్దు చేస్తున్నానని ఇద్దరు కోచ్‌లకీ చెప్పాను.

గెలుపెవరిదో తేల్చే పని రెఫరీది కాదు. జరిగింది రాసి ఇవ్వడం వరకే. టోర్నీ నిబంధనల్లో వేరే ఏమీ రాసి లేకపోతే, రద్దయిన మ్యాచ్‌ని మళ్లీ మొదటి నుంచీ ఆడాలి. నిర్వాహకులు ఆదివారం పొద్దున ఏడింటికి పెట్టారు.

గోల్ కొట్టిన పిల్లాడు తడిసిన చొక్కాతోనే నా దగ్గరికొచ్చాడు. "అయితే నా గోల్ పోయినట్టేనా సార్?" వాడికి అది టోర్నీలో మొదటి గోలట. "మళ్లీ 0-0 నుంచే నాన్నా" అన్నాను. అది చెప్పడం ఆ నాలుగు నిమిషాల కన్నా కష్టమైంది.

రాత్రి రిపోర్టులో అది కూడా రాశాను: రెండో సగం, తొమ్మిదో నిమిషం, ఏడో నంబరు చొక్కా, గోల్.