ఫ్రీ అన్నచోటే పరువు పోయింది: టెక్సస్‌లో నా అనుభవం

డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతున్నాను. క్యాంపస్ క్యాంటీన్‌లో గంటల లెక్కన పని. న్యూ మెక్సికోలో అబార్షన్ చేయించుకుని ఇప్పుడే తిరిగొచ్చాను. నొప్పి తగ్గింది కానీ కోపం తగ్గలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

టెక్సస్‌లో 2022 నుంచి అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం. పక్కనున్న న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ ఊళ్ళో ఒక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తేలిగ్గానే దొరికింది. డబ్బే లేదు. ఇందుకు కారణమైన అతనికి చెబితే "చూద్దాం" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఎన్ని వారాలో తెలిస్తే ఫీజు ఎంతో చెప్తామని క్లినిక్ వాళ్ళన్నారు. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే "ఫ్రీ స్కానింగ్" బోర్డు పెట్టుకున్న సెంటర్ ఒకటి ఉంది. లోపల అంతా ఆస్పత్రిలాగే ఉంది. తెల్లకోటు వేసుకున్న ఆవిడ డాక్టర్ కాదని చివర్లో గానీ తెలియలేదు. ముందు వీడియో చూపించారు. తర్వాత స్క్రీన్ నా వైపు తిప్పి "చూడమ్మా, చూడు" అంటూ నేను మొహం తిప్పుకున్నా వదల్లేదు. చేతిలో చిన్న సాక్సులు పెట్టారు. నా చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు, నాకిష్టమా అని ఒక్క మాట అడగలేదు. "ఇండియాలో మీ అమ్మానాన్నలకి తెలుసా?" అన్నప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "తొందరేముంది, గర్భాలు చాలావరకు వాటంతటవే పోతాయి, వచ్చే వారం రా" అన్నారు. అది నిజం కాదు. వారాలు పెరిగితే ఫీజూ పెరుగుతుందని వాళ్ళకి తెలియదా? రిపోర్టు అడిగితే అబార్షన్‌కైతే ఇవ్వమన్నారు. నేను ఏడవలేదు. సాక్సులు అక్కడే బల్ల మీద పడేసి వచ్చాను.

అబార్షన్ వద్దని నచ్చజెప్పే ఇలాంటి సెంటర్లకి డబ్బిచ్చే కార్యక్రమానికి టెక్సస్ ప్రభుత్వం 2023లో రెండేళ్ళకు 14 కోట్ల డాలర్లు కేటాయించింది. పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌లోని ఫెడరల్ డబ్బు అబార్షన్‌కి వాడకుండా, 1976లో అమెరికా కాంగ్రెస్ తెచ్చిన హైడ్ సవరణ చాలావరకు అడ్డం పడుతోంది. ఎవరికి ఉచితమో, ఏది ఉచితమో అర్థమైంది కదా.

చివరికి దారి చూపించింది ఆల్బకర్కీ క్లినిక్ రిసెప్షనిస్టే. ఫీజుకి నేషనల్ అబార్షన్ ఫెడరేషన్ హాట్‌లైన్, మా వైపు వాళ్ళకి టెక్సస్ ఈక్వల్ యాక్సెస్ ఫండ్, ప్రయాణానికి ఫండ్ టెక్సస్ ఛాయిస్ ఉన్నాయని, ఇవి డబ్బు సాయం చేసే సంస్థలని చెప్పింది. అబార్షన్ హక్కుని కొట్టేసిన 2022 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేసుల భయంతో ఇక్కడి ఫండ్‌లు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో ఆస్టిన్ ఫెడరల్ జడ్జి ఉత్తర్వు వచ్చాక వేరే రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళకి మళ్ళీ సాయం మొదలుపెట్టాయి.

ఫండ్‌కి ఫోన్ చేస్తే ఎత్తినావిడ ఎందుకు, ఎవరు, పెళ్ళయిందా అని అడగలేదు. నువ్వెంత పెట్టుకోగలవు అంది, అంతే. మీరు ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, గొప్పలకి పోవద్దు. మన తెలుగువాళ్ళకి చెయ్యి చాచాలంటే మహా నామోషీ. ఇండియాలో ఉన్న నాన్నని అప్పు చేయించడానికి మాత్రం నామోషీ ఉండదు!

డబ్బు మన చేతికి రాదు, నేరుగా క్లినిక్‌కే కడతారు. ఒక్కో ఫండ్ కొంత కొంత ఇస్తుంది, మిగతాది మనం కూడగట్టుకోవాలి. అపాయింట్‌మెంట్ తేదీ చేతిలో పెట్టుకునే ఫోన్ చేయండి, ముందు అదే అడుగుతారు. వాయిస్‌మెయిల్ వస్తే మెసేజ్ పెట్టండి.

క్లినిక్‌లో పని త్వరగానే అయిపోయింది, నర్సు మర్యాదగా మాట్లాడింది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్ట్, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం వెంట పెట్టుకోండి. విమానం ఎక్కేటప్పుడు గుర్తింపుకి పాస్‌పోర్ట్ పనికొస్తుంది. నా వీసా గురించి ఫండ్ వాళ్ళు గానీ క్లినిక్ వాళ్ళు గానీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.