ఆ బాక్స్‌లో నేను పెట్టిన చుక్క

ట్రైనింగ్ కాంట్రాక్ట్‌కి, అంటే ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (లాయర్) కావడానికి లా ఫర్మ్‌లో చేసే రెండేళ్ళ శిక్షణకి, ఇప్పుడే అప్లై చేయాలా, ఒక ఏడాది ఆగాలా అని ఈ మధ్య ముగ్గురు జూనియర్లు అడిగారు. ముగ్గురిదీ ఒకటే మాట, "అక్కా, సీవీలో రాయడానికి ఏమీ లేదు". నాకూ అంతే ఉండేది. లా రెండో ఏడాదిలో లండన్ ఫర్మ్ ఒకదాని ఫారం నింపుతుంటే "లీగల్ అనుభవం" అన్న బాక్స్ ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వలేదు, ఎర్రగా మెరుస్తోంది. అప్పటికే అర్ధరాత్రి దాటింది, గడువేమో మర్నాడు మధ్యాహ్నం. అందులో ఒక చుక్క పెట్టి పంపేశాను. ఏమైందో చెప్పక్కర్లేదు కదా.

తొందరపడ్డాను, ఆగాల్సింది అని చాన్నాళ్ళు అనుకున్నాను. కాదు. రెండేళ్ళు షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి రోజూ కోపంగా వచ్చేవాళ్ళతో మాట్లాడిన దాన్ని, దాని గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు, అసలు తప్పు అది.

ఇంగ్లండ్‌లో పెద్ద ఫర్మ్‌లు చాలావరకు రెండేళ్ళు ముందుగానే ట్రైనీలను ఎంచుకుంటాయి, అందుకే లా వాళ్ళు రెండో ఏడాదిలో, వేరే డిగ్రీ వాళ్ళు ఆఖరి ఏడాదిలో మొదలుపెడతారు. ఆ వయసులో ఎవరికైనా అనుభవం ఎంత ఉంటుంది, వాళ్ళకి తెలియదా? పైగా చాలాచోట్ల అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూస్తారు కాబట్టి గడువు రోజు దాకా కూర్చుంటే అప్పటికే కొన్ని సీట్లు అయిపోయి ఉండొచ్చు.

ఆగాల్సిన సందర్భం నా లెక్కలో ఒకటే: ఆ ఫర్మే ఎందుకు అంటే "పేరున్నది" తప్ప ఇంకో మాట దొరకనప్పుడు. కొన్ని ఫర్మ్‌లు ఒక్కొక్కరి నుంచి ఏడాదికి ఒక్క అప్లికేషనే తీసుకుంటాయి, దాన్ని చుక్కతో కాల్చేసుకోకండి. ఇరవై పంపేకన్నా ఐదు నయం.

ఇక 2021 సెప్టెంబర్‌లో ఎస్‌క్యూఈ (సొలిసిటర్ కావడానికి రాసే కొత్త పరీక్ష) వచ్చాక ట్రైనింగ్ కాంట్రాక్ట్ ఒక్కటే దారి కూడా కాదు. రెండేళ్ళ పని అనుభవాన్ని నాలుగు చోట్ల వరకు కలిపి చూపించొచ్చు, పారాలీగల్ (లాయర్లకి సహాయకులు) పని, లా క్లినిక్ (ఉచిత న్యాయ సలహా కేంద్రం) లాంటివి కూడా లెక్కలోకి వస్తాయి, కాకపోతే ఆ అనుభవం నిజమేనని అక్కడ సంతకం పెట్టేవాళ్ళు ఎవరో ముందే కనుక్కోండి.

చుక్క పెట్టిన ఆ ఏడాది వేసవిలో సిటిజన్స్ అడ్వైస్‌లో (జనానికి ఉచితంగా సలహాలిచ్చే సంస్థ) వాలంటీర్‌గా చేరాను. ఒకావిడ యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే భత్యం) మీద నిర్ణయం చెప్పే ఉత్తరం తెచ్చింది, నాలుగు మడతలు పడి నలిగిపోయింది. తేదీ చూస్తే ఇరవై ఆరు రోజులైంది. ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూడమని అడగడానికి మామూలుగా ఒక నెలే టైమ్. పరుగున వెళ్ళి సూపర్‌వైజర్‌కి చూపించాను, ఆ సాయంత్రమే రిక్వెస్ట్ వెళ్ళింది.

తర్వాతి ఏడాది అదే ఫర్మ్, అదే బాక్స్. పేరు చెప్పకుండా ఆ ఉత్తరం సంగతి రాశాను. ఇంటర్వ్యూలో పావుగంట దాని గురించే అడిగారు. అక్కడ రాలేదు లెండి, రెండు నెలలకి ఇంకోచోట వచ్చింది.