నీళ్లలా పోతున్నా ప్రేగు అడ్డుపడి ఉండొచ్చు

ఇలియాస్టమీ ఉన్న మాకు చిన్నప్రేగు కొసను పొట్ట మీదికి, ఎక్కువగా కుడివైపు కిందికి తీసి ఉంచుతారు. బయటికి కనిపించే ఆ కొసే స్టోమా, మలం దాని మీద అంటించిన బ్యాగులోకి వస్తుంది. పొట్ట కండరాన్ని దాటి ప్రేగు బయటికొచ్చే చోటే ఇరుకు. సరిగా నమలని పీచు ఉండకట్టి అక్కడ ఇరుక్కుంటుంది. ఆపరేషనైన మొదటి 6-8 వారాలు ప్రేగు వాచి ఉంటుంది, ఆ రోజుల్లో మరీ జాగ్రత్త.

బ్యాగులోకి రోజూ వచ్చేది జావలా ఉంటుంది. ఉన్నట్టుండి నీళ్లలా, చెడు వాసనతో చిమ్ముతూ, పొట్టలో మెలిపెడుతుంటే విరేచనాలనుకుని, అవి ఆపే లోపెరమైడ్ బిళ్ళ వేసుకుంటారు. ఆ పని అస్సలు చేయొద్దు. ఉండ పక్క సందులోంచి నీళ్లు మాత్రమే జారుతున్నాయి. బిళ్ళ పడితే ప్రేగు కదలిక తగ్గి ఉండ అక్కడే తిష్ఠ వేస్తుంది. విరేచనం అయ్యే మందులూ వద్దు, అడ్డు మీద ఒత్తిడి పెరుగుతుంది.

ముందు గట్టి తిండి ఆపేయాలి. తర్వాత బ్యాగు మార్చాలి. మామూలుగా స్టోమా కంటే 2-3 మిల్లీమీటర్లు పెద్దగా కత్తిరించే రంధ్రాన్ని ఇప్పుడు ఇంకాస్త పెంచాలి. స్టోమా ఉబ్బుతుంది కాబట్టి పాత కొలతైతే అంచు బిగిసి ఒరుసుకుంటుంది. వాంతి లేకుండా, కొంచెమైనా వస్తుంటే ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగాలి. లీటరు ప్యాకెట్టైతే సరిగ్గా 1 లీటరు నీళ్లలోనే కలపాలి. వేణ్నీళ్ల స్నానం కండరాన్ని వదులు చేస్తుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకు ఆనించి అటూ ఇటూ ఊగుతూ, స్టోమా చుట్టూ అరచేత్తో మెల్లగా నిమరాలి.

వాంతులైనా, పొట్ట గట్టిగా ఉబ్బినా, నొప్పితో 4-6 గంటలు బ్యాగు ఖాళీగా ఉన్నా నీళ్లు కూడా మానేసి ఆసుపత్రికి వెళ్లాలి. స్టోమా నల్లబడితే గంటలు లెక్కపెట్టొద్దు, వెంటనే బయల్దేరాలి. పాత ఆపరేషన్ వల్ల ప్రేగులు అతుక్కున్నా ఇవే లక్షణాలు, ఇంట్లో తేల్చలేం. స్టోమాలోకి గొట్టం పెట్టి కడగడం తెలిసిన డాక్టరో నర్సో చేయాల్సిన పని. ఆసుపత్రిలో మొదటి మాటగా "ఇది ఇలియాస్టమీ, కోలోస్టమీ (పెద్దప్రేగును బయటికి తీసేది) కాదు" అని చెప్పి డిశ్చార్జి కాగితం చూపించండి.

అడ్డుపడేవి ఎక్కువగా తేగలు, పచ్చికొబ్బరి, మొక్కజొన్న, పల్లీలు, పుట్టగొడుగులు, బత్తాయి తొన పొర. మునక్కాడ గుజ్జు చెంచాతో గీకి తినొచ్చు, నారను మాత్రం నోట్లోకే పోనివ్వొద్దు. కొబ్బరి మీద మనసైతే నేను చెప్పేది వడకట్టిన కొబ్బరిపాలే. అడ్డు వదిలాక ఒకట్రెండు రోజులు ఉప్పేసిన గంజి, ఆపైన మెత్తటి పెరుగన్నం, ఇడ్లీ.