యాభై నాలుగేళ్ల పరుగు

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఉతికిన బట్టలు మడతపెట్టడం, గదిలో బల్బు మార్చడం. పొద్దున చేసిన పనులు అంతే. మధ్యాహ్నం అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. "నాన్నా, మారథాన్ 42.195 కిలోమీటర్లట. ఆ చివరి 195 మీటర్లు ఎందుకు?" అని అడిగింది. నాకు తెలియదు. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగిసేలా దారి వేశారట. 1921లో ఆ దూరమే ఖాయమైంది. ప్రశ్నకు జవాబు దొరికింది కాబట్టి అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆ పక్కనే ఒక ఫొటో. కోటు వేసుకున్న ఒక పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చి ముగింపు గీత దాటుతున్నాడు.

పేరు షిజో కనకురి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు జపాన్ పంపిన ఇద్దరు క్రీడాకారుల్లో ఒకడు. ఓడ ఎక్కి, ఆపైన సైబీరియా మీదుగా రైల్లో, 18 రోజులు ప్రయాణించి చేరాడు. కాళ్లకు బూట్లు కూడా కాదు, తమ దేశపు గుడ్డ జోళ్లు. జూలై 14న పరుగు. ఆ రోజు ఎండకు దాదాపు సగం మంది దారిలోనే ఆగిపోయారు. పోర్చుగల్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో లాజారో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. అది చదివాక కాసేపు తెర మీద నుంచి చూపు తిప్పుకున్నాను.

కనకురికీ ఒళ్లు తూలింది. దారి పక్క తోటలో కూర్చున్న ఒక కుటుంబం పిలిచి దాహం తీర్చింది. కోలుకున్నాక, పరుగు పూర్తి చేయలేకపోయానన్న సిగ్గుతో అధికారులకు ఒక్క మాటైనా చెప్పకుండా స్వదేశానికి వెళ్లిపోయాడు. స్వీడన్‌లో మాత్రం ఆయన "తప్పిపోయిన జపాన్ పరుగువీరుడు"గా కథల్లో మిగిలాడు. యాభై ఏళ్లు ఆచూకీ లేదని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఆయన పదహారో స్థానంలో నిలిచాడు! అసలు కథే ఇంత గొప్పగా ఉంటే దానికి అబద్ధం ఎందుకు అతికిస్తారో.

1967లో స్వీడన్ వాళ్లు కబురు పెట్టారు, వచ్చి మిగిలిన పరుగు పూర్తి చేయమని. ఆయనకు అప్పటికి 75 ఏళ్లు, ఆరుగురు పిల్లల తండ్రి. వచ్చాడు, గీత దాటాడు. సమయం ప్రకటించారు: 54 ఏళ్లు, 8 నెలలు, 6 రోజులు, 5 గంటలు, 32 నిమిషాల 20.379 సెకన్లు. ఆ చివరి మూడు అంకెల దగ్గర నా గొంతు పట్టేసింది. సెకనులో వెయ్యోవంతు కూడా వదలకుండా ఆయన కాలాన్ని లెక్కలో వేసిన మనుషుల మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఆ తరువాత ఇంకా ఏవేవో చదివాం. శుక్రుడి మీద ఏడాది కంటే గ్రహం ఒకసారి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలమే ఎక్కువ. 225 రోజులు, 243 రోజులు. ఆక్టోపస్‌కు మూడు గుండెలు. బాగానే ఉన్నాయి కానీ నా మనసు ఆ కోటు వేసుకున్న పెద్దాయన దగ్గరే ఉండిపోయింది.

అమ్మాయి మనసూ అక్కడే ఉందని రాత్రి అన్నాల దగ్గర తెలిసింది. మొత్తం ఎన్ని రోజులో తేల్చాలని కాగితం ముందేసుకుంది. మొదటిసారి లీపు సంవత్సరాలు మరిచిపోయింది. మళ్లీ 1916 నుంచి 1964 వరకు వేళ్ల మీద లెక్కపెట్టి, పదమూడు అంది. చివరికి 19,972 రోజులని తేల్చింది. నేను విడిగా వేసి చూశాను. సరిపోయింది.