మార్గశిర ద్వాదశి నాడు చందుపట్లకు

మా నాయిన ఎవరి ఆబ్దికమైనా తిథి చూసే చేస్తాడు, తేదీ అంటే ఒప్పుకోడు. మార్గశిర శుద్ధ ద్వాదశి నాడు చందుపట్లకు పోదామని నేను అడిగితే, "ఆడ మనోళ్లు ఎవరున్నరు బిడ్డా?" అన్నాడు. రాణీ రుద్రమ తిథి అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ రోజు పొద్దున్నే లేచి చూస్తే, స్నానం చేసి తెల్ల ధోవతి కట్టుకుని కూర్చున్నాడు. చేతిలో చిన్న నువ్వుల పొట్లం ఉంది.

ముందు పానగల్లు వెళ్లాం. నల్లగొండకు ఆనుకునే ఉన్న ఈ ఊరు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. మేం ఎక్కడికి బయలుదేరినా ఛాయా సోమేశ్వరుడికి దండం పెట్టుకుని కదలడం మా ఇంట్లో అలవాటు. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం అది. సోమేశ్వరుడి వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా నిలిచే ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా అది కదలదు. ఆ నీడ ఒక్క స్తంభానిది కాదని, పక్క ద్వారాల నుంచి వచ్చే వెలుగుకు కొన్ని స్తంభాలు అడ్డుపడి ఏర్పడుతుందని తెలిసినవాళ్లు వివరించారు. కారణం తెలిశాక నాకు భక్తి ఇంకా పెరిగింది. వెలుగు ఎటు నుంచి వచ్చి ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి రాళ్లు నిలబెట్టిన ఆ శిల్పులకు కూడా దండం పెట్టుకున్నాను.

అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయంలో 70 స్తంభాలున్నాయి. అన్నీ చూడాలంటే ఒక పూట పడుతుంది. మేం గోడల మీది రామాయణ, భారత కథల శిల్పాల దగ్గర మాత్రం ఆగాం. తర్వాత ఉదయసముద్రం కట్ట మీద కూర్చుని సద్దిమూట విప్పాం. చోడులు తవ్వించిన చెరువు అది. ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు వచ్చి ఇందులో నిలుస్తాయి. బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన ఊళ్లు చూసిన మనిషి నాయిన. చెరువు నిండుగా కనిపిస్తే ఆయనకు లేవబుద్ధి కాదు. కొంగలు గుంపుగా వాలుతుంటే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

నకిరేకల్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాం. వరికోతల కాలం కదా, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. గింజ మీద చక్రం పడకుండా ఆటో అతను మెల్లగా పోనిచ్చాడు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర కుప్పల మీద పట్టాలు కప్పి, కాంటా ఎప్పుడవుతుందోనని రైతులు కాపలా పడుకున్నారు. మొగులు పట్టినట్టుంటే ఆ టెన్షన్ ఎట్లుంటదో నాయినకు తెలుసు. ఆటోలోంచి తల బయటపెట్టి, "తేమ ఎంత చూపెడుతుంది?" అని అడుగుతూనే ఉన్నాడు. చేలల్లో ఆడవాళ్లు నడుములకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నారు.

చందుపట్ల పెద్ద ఊరేమీ కాదు, వ్యవసాయం చేసుకునే మామూలు పల్లె. రుద్రమ చరిత్రలో ఒక పెద్ద ఖాళీని నింపింది ఈ ఊరి శాసనమే. అది బయటపడక ముందు ఆమె 1295 దాకా పాలించిందని రాసుకున్నారు. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి నాటి శాసనం ఇది. ఇంగ్లీషు లెక్కలో 1289 నవంబరు నెలాఖరు. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. ఆమెకు ఎదురుతిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో ఇద్దరూ ప్రాణాలు విడిచి ఉంటారని చరిత్రకారులు చెబుతారు. ఆమె కన్నుమూసింది ఈ తిథికి కొన్నాళ్ల ముందే అయి ఉంటుంది. మన చేతికి దొరికిన తిథి మాత్రం ఇదొక్కటే.

మార్కోపోలో మెచ్చుకున్న రాణి. గణపతిదేవుడి తర్వాత ఎందరు ఎదురుతిరిగినా రాజ్యాన్ని నిలబెట్టిన మనిషి. ఆమె పోయిందన్న మాటను రాతి మీద పెట్టించింది మాత్రం మల్లికార్జునుడి దగ్గర పనిచేసిన ఒక బంటు. శాసనం ముందు నిలబడ్డప్పుడు నాకు ముమ్మడే ఎక్కువ గుర్తొచ్చాడు. అక్షరాలు నేను చదవలేను. పాత లిపిలో అక్కడక్కడా ఒక సున్నా, ఒక గుడి పోల్చుకోగలిగానంతే. నాయిన పసుపు తీయబోతే ఆపాను. పసుపు, నూనె పెడితే అక్షరాలు పూడిపోతాయి. తెచ్చిన బంతిపూలు రాయికి తగలకుండా కింద పెట్టాం.

పక్క చేను దగ్గర ఒక అవ్వ కందికాయ తెంపుతోంది. "ఏడికెళ్లి వచ్చిండ్రు బిడ్డా?" అంది. చెప్పాను. "రాణమ్మ దినమా ఇయ్యాల?" అని కొంగు నెత్తి మీదికి లాక్కుని, కొడుకును కేకేసి బోరు మోటారు వేయించింది.

నాయిన కాలువ గట్టున కూర్చున్నాడు. పెత్రమాస నాడు మా తాతలకు వదిలినట్టే నువ్వులు దోసిట్లోకి తీసుకుని, "గోత్రం ఏమని చెప్పాలె బిడ్డా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. కాసేపు ఆలోచించి, "రుద్రమ, గణపతిదేవుని బిడ్డ" అని నీళ్లు వదిలాడు. మల్లికార్జునుడికి ఇంకో దోసెడు. పొట్లం మూయబోతుంటే, "నాయినా, ముమ్మడికి?" అన్నాను.

అడుగున మిగిలిన నువ్వులన్నీ అరచేతిలోకి దులుపుకున్నాడు. "పువ్వుల ముమ్మడి" అని గట్టిగా పలికి వదిలాడు. ఆ నీళ్లు కాలువలో కలిసి, అవ్వ వాళ్ల నారుమడిలోకి పోయాయి.