మా కాక సదరం సర్టిఫికెట్

మా పక్కింటి కాకకు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి రాసిచ్చే కాగితం, ఇప్పించడానికి నేను మూడు నెలలు తిరిగాను. ఆఫీసులు పెట్టిన తిప్పలు సగమైతే, కాక పెట్టిన తిప్పలు సగం.

మాది పరకాల దగ్గర ఊరు. కాకకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఆర్ఎంపీ వేసిన సూది వికటించిందని వాళ్లమ్మ చచ్చేదాకా ఆయన్ని తిట్టింది. వచ్చింది పోలియో. అయినా ముసలమ్మ మాట ఉత్తదే అనలేం, పోలియో జ్వరం మీదున్న పిల్లలకు కండకు సూది వేస్తే ఆ కాలు పడిపోయే ముప్పు ఎక్కువని డాక్టర్లే చెబుతారు.

కాక చేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని, వాటి మీద ఒళ్లంతా ఎత్తి ముందుకేస్తూ ఊరంతా తిరిగేవాడు. మంచాలు అల్లేవాడు, మొదట్లో నులక, తర్వాత నవారు, ఈమధ్య ప్లాస్టిక్ పట్టె. మిరపకాయల కాలంలో తొడిమలు తీసే కూలికి వెళ్లేవాడు. పోలియో చుక్కల ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే వెళ్లి అంగన్‌వాడీ ముందు కూర్చునేవాడు. ఆయన్ని చూశాక చుక్కలు ఎందుకని ఏ తల్లీ అడగలేదు. 2014 మార్చిలో మన దేశంలో పోలియో పోయిందని ప్రకటించినప్పుడు ఆ పేపర్ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

పించను మాత్రం వద్దనేవాడు. నెలకు 500 ఉన్నప్పుడూ వద్దన్నాడు, ఆసరా పించన్ల పథకం వచ్చి 1,500 అయినప్పుడూ వద్దన్నాడు. "నేనేమన్న పని చేస్తలేనా?" ఇదొక్కటే మాట. కానీ యాభై ఏళ్లకు పైగా ఒళ్లంతా మోసిన భుజాలు ఎన్నాళ్లని ఆగుతాయి? 2021లో కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. ఒక రోజు తనే పిలిచి, "బిడ్డా, గా పించిని కాయిదాలు ఎట్ల?" అని అడిగాడు. అడిగి వెంటనే ముఖం అటు తిప్పుకున్నాడు.

ఎప్పుడో చేత్తో రాసిచ్చిన పాత సర్టిఫికెట్ ఒకటి ఉంది, అంచులు చెదలు తిన్నాయి. అది చెల్లదన్నారు, సదరమే కావాలి, అందులో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. దానికి అప్పట్లో మీసేవలో స్లాట్ బుక్ చేయాల్సి వచ్చేది. స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని వెళ్లేసరికే అయిపోయేవి, రెండుసార్లు అలా పోయింది. మూడోసారి దొరికింది.

క్యాంపు రోజు ఆటో మాట్లాడుకుని వెళ్లాం. ఆసుపత్రి పేరు చెప్పను. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను "చెప్పులు బయట విడవాలి" అన్నాడు, అలవాటుగా అన్నాడేమో, చూసే అన్నాడో. నేను గొడవకు దిగేలోపే కాక రెండు చేతుల చెప్పులూ తీసి నాకిచ్చి, ఫినాయిల్ తడి ఆరని బండల మీద ఉత్త అరచేతులతో లోపలికి వెళ్లిపోయాడు.

లైన్లో కూర్చున్నప్పుడు చెవిలో చెప్పాను, "కాకా, ఏది అడిగినా రాదని చెప్పు." తలూపాడు. ఊపినవాడు ఏం చేశాడో చూడండి.

"నడవగలవా?" అన్నాడు డాక్టరు.

"ఎందుకు నడువ సారూ?"

"మెట్లు ఎక్కుతావా?"

"యాపచెట్టే ఎక్కినోణ్ని."

"స్నానానికి, దొడ్డికి ఎవరన్నా సాయం చేస్తారా?"

"ఎవలద్దు."

నాకు టెన్షన్‌తో చెమటలు. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, "పెద్దాయన చెప్పిందే రాస్తే నేను సున్నా శాతం వేయాలి" అని నవ్వి బల్ల మీద పడుకోబెట్టాడు. కండరాల బలానికి 0 నుంచి 5 వరకు మార్కులు ఉంటాయట. కాలు లేపమన్నాడు. లేవలేదు. రెండోదీ లేవలేదు. పాదం మీద పెన్నుతో గీకి తెలుస్తోందా అని అడిగితే, "తెలువకేంది, చీమ కుట్టినా తెలుస్తది" అన్నాడు కాక. పోలియో కండల బలాన్నే తీసేస్తుంది, స్పర్శను ముట్టదు. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. అంటే ఎండాకాలం సీసీ రోడ్డు మీద కాళ్లు ఈడ్చుకుంటూ పోయినప్పుడల్లా ఆయనకు కాలేది.

వచ్చేటప్పుడు నాతో మాట్లాడలేదు. గూడెప్పాడ్ దగ్గర చాయ్‌కి ఆపితే అప్పుడన్నాడు, "నువ్వు నన్ను అందరి ముంగట రాదని చెప్పుమన్నవ్." నా దగ్గర జవాబు లేదు. చాయ్ డబ్బులు కూడా తనే ఇచ్చాడు.

సర్టిఫికెట్‌లో 80 శాతం పైనే వచ్చింది, శాశ్వత వైకల్యం అని రాశారు. దరఖాస్తు మండల ఆఫీసులో ఇచ్చి నెలల తరబడి ఎదురుచూశాం, చివరికి 2022 ఆగస్టులో కొత్త పించన్లు ఇచ్చినప్పుడు ఆయన పేరు వచ్చింది, 3,016 రూపాయలు. ఇక పోస్టాఫీసు మిషన్ దగ్గర ఇంకో తిప్ప. అరచేతుల మీదే బతికిన మనిషికి వేలిముద్రలు ఎక్కడుంటాయి, అన్నీ అరిగిపోయాయి. చివరికి పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి ఇప్పించేవాడు. మొదటి నెల డబ్బుతో కాక హవాయి చెప్పుల జత కొన్నాడు, అరచేతికి సరిపోయేలా పిల్లల సైజు. షాపతను మనవడికా అని అడిగితే అవునన్నాడట.

2023 జులైలో 4,016 అయింది. ఆ పెంచిన పించను ఆరు నెలలు తీసుకుని చలికాలంలో పోయాడు.

ఆయన అల్లిన నులక మంచం మా ఇంట్లో ఉంది. మొన్న కాళ్ల వైపు తాళ్లు వదులైతే బిగిద్దామని కూర్చున్నాను. చేతులతో ఎంత లాగినా రాలేదు, రెండు కాళ్లూ మంచం పట్టెకు తన్నిపెట్టి వెనక్కి వాలి లాగితేగానీ తాడు బిగుసుకోలేదు. కాక ఎలా బిగించేవాడని మా అమ్మను అడిగాను. అల్లేటప్పుడు తలుపు దగ్గరికి వేసుకునేవాడు, ఎవరూ చూడలేదు అంది.