మూడు గంటలకు మూసుకునే తలుపు

ఆగస్టులో పదహారు రోజులు స్వీడన్ దక్షిణాన లుండ్ పట్టణంలో మా తమ్ముడి ఇంట్లో ఉన్నాను. కోపెన్‌హాగెన్, మాల్మో, ఎరెసుండ్ వంతెన, సముద్రపు ఒడ్డు అన్నీ చూశాను. అయినా ప్రయాణం గురించి రాద్దామని కూర్చుంటే అవేవీ ముందుకు రావడం లేదు. ఒక మంచి వైన్ సీసా కోసం తిరిగిన వారం రోజులే మనసులో మెదులుతున్నాయి.

రెండో శనివారం సాయంత్రం పక్కింటివారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆగస్టు వస్తే ఆ దేశంలో క్రేఫిష్ విందుల కాలం. మన మంచినీటి రొయ్యకు దగ్గరి బంధువులా ఉండే ఆ జీవులను సోయికూర పూలగుత్తులతో ఉప్పునీటిలో ఉడికించి, చల్లార్చి, అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి చేతులతో ఒలుచుకు తింటారు. ఉత్త చేతులతో వెళ్లడం బాగుండదు కనుక వైన్ నేను కొంటానన్నాను. మధ్యాహ్నం పట్టణంలోకి వెళ్లాం. అక్కడి పెద్ద చర్చిలో 1424 ప్రాంతంలో అమర్చి, 1923లో బాగుచేసి మళ్లీ నడిపించిన ఖగోళ గడియారం ఉంది. శనివారాల్లో అది పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి మోగుతుంది. మోగినప్పుడు చిన్న తలుపు తెరుచుకుని, ముగ్గురు రాజుల బొమ్మలు వరుసగా నడిచి వచ్చి మేరీమాత ముందు వంగి వెళ్తాయి. మూడు గంటల ప్రదర్శన తృప్తిగా చూసి, వీధులు దాటి మద్యం దుకాణం చేరేసరికి తలుపు మూసి ఉంది. శనివారం మధ్యాహ్నం మూడు దాటితే దేశంలో ఏ ఊళ్లోనూ ఆ దుకాణం తెరిచి ఉండదు. ఆదివారం అసలే తెరవరు. తమ్ముడింట్లో తాగే అలవాటు పెద్దగా లేదు కనుక ఆ వేళలు వాడికి గుర్తులేవు. కిరాణా సూపర్‌మార్కెట్‌కు పరుగెత్తితే అక్కడ దొరికింది మూడున్నర శాతానికి మించని బీరు మాత్రమే. అంతకంటే ఘాటైనది కావాలంటే సాధారణంగా సిస్టెంబోలాగెట్ అనే ప్రభుత్వ సంస్థ దుకాణానికే వెళ్లాలి.

చివరికి మరదలు చేసిన మైసూర్‌పాకు, నేను తెచ్చిన ఆవకాయ సీసా పట్టుకుని వెళ్లాం. పక్కింటి పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. జరిగింది చెప్పగానే ఆయన లోపలికి వెళ్లి సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. అరచేతిలో ఇమిడే పుస్తకం. అట్ట అంచులు నలిగి మెత్తబడ్డాయి. లోపలి గళ్లలో వరుసగా సిరా ముద్రలు, కొన్ని చోట్ల ముద్ర మీద ముద్ర పడి నీలం రంగు అలుక్కుపోయింది. అది వాళ్ల నాన్నగారి మద్యం రేషన్ పుస్తకం. ఇవాన్ బ్రాట్ అనే వైద్యుడు ప్రతిపాదించిన ఆ పద్ధతి 1914లో స్టాక్‌హోంలో మొదలై, తర్వాత దేశమంతా పాకి, 1955 అక్టోబరు ఒకటిన రద్దయింది. నెలకు ఎంత ఘాటు సారాయి కొనవచ్చో మనిషిని బట్టి నిర్ణయించి, కొన్నప్పుడల్లా ముద్ర వేసేవారు. పెళ్లయిన ఆడవాళ్లకు సాధారణంగా పుస్తకమే ఇచ్చేవారు కాదు. ప్రాంతాల వారీగా ఉన్న పాత సంస్థలన్నిటినీ కలిపి సిస్టెంబోలాగెట్‌ను ఏర్పాటు చేసింది కూడా ఆ 1955లోనే.

పెద్దాయన మరో సంగతి చెప్పారు. పూర్తి మద్యనిషేధం కావాలా వద్దా అని 1922 ఆగస్టు 27న అక్కడ ప్రజల ఓటు అడిగారట. మేము ఆ రాత్రి తింటున్న క్రేఫిష్ ఆ ఎన్నికలోనూ ఉందట. ఆల్బర్ట్ ఎంగ్‌స్ట్రోమ్ అనే చిత్రకారుడు గీసిన గోడపత్రికలో క్రేఫిష్ పళ్లెం ముందు కూర్చున్న మనిషి, పానీయం లేనిదే ఇవి తినలేమని, వద్దని ఓటు వేయమని జనాన్ని అడుగుతాడు. ఆడవాళ్ల ఓట్లు, మగవాళ్ల ఓట్లు విడివిడిగా లెక్కించారు. ఆడవాళ్లలో ఎక్కువమంది నిషేధం కావాలన్నారు, మగవాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు, కొద్దిపాటి తేడాతో నిషేధం వీగిపోయింది. అది వింటూ ఉంటే నాకు అమ్మ గుర్తొచ్చింది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా అంటుకున్నప్పుడు, సారా వేలం పాటలను ఆపడానికి నెల్లూరు వెళ్లిన వాళ్లలో అమ్మ కూడా ఉంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో ఆ నిషేధం సడలింపు, అన్నీ మా ఇంటి అరుగు మీద చర్చకు వచ్చినవే. వైన్ కొనడానికి వెళ్లేటప్పుడు ఇప్పటికీ నా మనసు ఒక మూల ఆమెకు జవాబు చెప్పుకుంటూనే ఉంటుంది. ఇక్కడ ఉన్నది నిషేధమూ కాదు, విచ్చలవిడితనమూ కాదు. మధ్యలో ఉన్న ఈ దారి ఎలా ఉంటుందో చూడాలన్న ఆసక్తి ఆ పుస్తకం చూశాకే నాలో గట్టిపడింది.

బదులుగా వచ్చే శుక్రవారం మా ఇంటికి భోజనానికి రమ్మని వాళ్లను పిలిచాం. గోంగూర మాంసం, గుత్తివంకాయ కూర, చారు అని మరదలు అప్పుడే నిర్ణయించేసింది. వైన్ మాత్రం ఈసారి ముందే కొనాలి.

ఆదివారం కుదరదు. లుండ్ ఉన్న స్కోనె ప్రాంతంలో చాలామంది ఇలాంటప్పుడు సరిహద్దు దాటతారట. హెల్సింగ్‌బోరి నుంచి పడవ ఎక్కితే ఇరవై నిమిషాల్లో డెన్మార్క్, అక్కడ మామూలు సూపర్‌మార్కెట్‌లోనే వైన్ దొరుకుతుంది. కార్లలో జర్మనీ దాకా వెళ్లి డిక్కీ నిండా బీరు పెట్టెలు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. మేమిద్దరం రైలు టిక్కెట్లు, పడవ టిక్కెట్లు లెక్క వేసుకున్నాం. రెండు మూడు సీసాల కోసం ఆ ప్రయాణం ఏ రకంగానూ గిట్టుబాటు కాదు.

సోమవారం ఉదయం నేనొక్కడినే దుకాణానికి వెళ్లాను. లోపల అడుగు పెట్టగానే ముందుగా గమనించింది అక్కడ లేనివాటిని. రాయితీ బోర్డులు లేవు. రెండు కొంటే ఒకటి ఉచితం అన్న ఎర్ర అక్షరాలు లేవు. ఏ కంపెనీ సీసానూ దీపాల కింద ప్రత్యేకంగా నిలబెట్టలేదు. చల్లబరిచిన బీరు కూడా లేదు, అన్నీ గది వేడిలోనే ఉన్నాయి. లాభాన్ని పెంచుకోవడం ఆ సంస్థ పని కాదు, అమ్మకాన్ని ఎగదోయకూడదు, ఏ సరుకునూ మరొకదానికంటే ముందుకు తోయకూడదు అన్నవి దానికి పెట్టిన నియమాలు. ఉత్తరాన కిరునాలో ఏ ధరో దక్షిణాన మాల్మోలోనూ అదే ధర. బేరం లేదు, పండగ తగ్గింపు లేదు.

అలమరలోని ప్రతి సీసా కింద చీటీ ఉంటుంది. ధర, శాతం, ఏ భోజనానికి నప్పుతుందో చెప్పే చిన్న బొమ్మలు, వాటితోపాటు గడియారం ముఖంలా మూడు చిన్న గుండ్రాలు. ఎర్ర వైన్ అయితే ఒక గుండ్రం చిక్కదనం ఎంతో, ఇంకొకటి వగరు ఎంతో, మరొకటి పులుపు ఎంతో చూపిస్తాయి. గుండ్రం ఎంత నిండితే ఆ గుణం అంత ఎక్కువ. భాష రాని నాలాంటి వాడికి అదొక గొప్ప సాయం. ఎర్ర వైన్‌ల ముందు నిలబడి ఆ గుండ్రాలనే చదువుతూ అరగంట గడిపాను. అంతసేపట్లో ఎవరూ వచ్చి ఏం కావాలని నన్ను తొందరపెట్టలేదు.

తర్వాత నేనే వెళ్లి అక్కడ పనిచేస్తున్న ఒకావిడను అడిగాను. విందుకు మంచి ఎర్ర వైన్ కావాలి, మూడు వందల క్రోనాల దాకా పెడతాను అన్నాను. మన డబ్బుల్లో అది దాదాపు రెండున్నర మూడు వేల రూపాయలు. ఆవిడ సీసా వైపు చూడకుండా, భోజనంలో ఏమేం ఉంటాయని అడిగారు. గోంగూర గురించి, ఎండుమిరప గురించి నాకు చేతనైనట్టు చెప్పాను. పులుపు ఎంత, కారం ఎంత, నూనె ఎంత అని ఒక్కొక్కటి అడిగి, కాసేపు ఆలోచించి, ఆవిడ అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. "మూడు వందలు పెట్టి ఎర్రది కొంటే మీ డబ్బూ పోతుంది, వంటా పాడవుతుంది." వగరు ఎక్కువున్న ఎర్ర వైన్, అందులోనూ పద్నాలుగు శాతం ఉన్నది, మిరపకారాన్ని నాలుక మీద మరింత మండిస్తుందనీ, కాస్త తీపి మిగిలిన, ఆల్కహాలు తక్కువున్న తెల్లది అయితే మంటను చల్లారుస్తుందనీ, గోంగూర పులుపుకు వైన్‌లోనూ దీటైన పులుపు ఉండాలనీ వివరించారు. జర్మనీలోని మోజెల్ లోయలో పండిన రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష వైన్, కబినెట్ అనే తేలికపాటి తరగతి సీసా తీసి చూపించారు. ఎనిమిది శాతం. ధర 129 క్రోనాలు.

దుకాణంలో పనిచేసే మనిషి మూడు వందలు ఇస్తానన్నవాడిని 129 దగ్గర ఆపడం నేను ఇంతకు ముందు ఎక్కడా చూడలేదు. మా రాష్ట్రంలోనూ 2019 అక్టోబరు నుంచి అయిదేళ్ల పాటు దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. కానీ కిటికీ ఊచల మధ్య నుంచి డబ్బిచ్చి సీసా అందుకునే చోట, నా కూరకు ఏది నప్పుతుందని అడగాలన్న ఊహే ఎవరికీ రాదు. రెండు చోట్లా అమ్మింది సర్కారే. అయితే ఇక్కడ ఆ పనికి మనిషిని తర్ఫీదు చేసి నిలబెట్టారు.

ఆవిడే ఇంకో రహస్యం విప్పారు. నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే. స్వీడన్‌లో వైన్ మీద ఎక్సైజ్ పన్నును ధరను బట్టి వేయరు, లీటర్లను బట్టి, ఎంత శాతం ఆల్కహాలు అన్నదాన్ని బట్టి వేస్తారు. ఎనభై క్రోనాల సీసాకూ, ఎనిమిది వందల క్రోనాల సీసాకూ శాతం ఒకే మెట్టులో ఉంటే పన్ను ఒకటే. లెక్క సులువుగా ఉండడానికి ముప్పావు లీటరు సీసాకు ఆ పన్ను 20 క్రోనాలు అనుకుందాం, నిజానికి అంతకంటే కొంత ఎక్కువే. ఎనభై క్రోనాల సీసాలో 25 శాతం వ్యాట్ కింద 16 పోతే 64, పన్ను కింద 20 పోతే 44 మిగులుతాయి. అందులోంచే దుకాణం లాభం, దిగుమతిదారు వాటా, రవాణా, గాజు సీసా, బిరడా అన్నీ రావాలి. ఇక ద్రాక్ష పండించిన రైతుకు దక్కేది ఎంత? అదే 160 క్రోనాల సీసా అయితే వ్యాట్ 32, పన్ను 20 పోగా 108 మిగులుతాయి. ధర రెండింతలైతే మిగిలేది దాదాపు రెండున్నర ఇంతలు. దుకాణం తన వాటాను కూడా కొంత స్థిరమైన రుసుముగా, కొంత తక్కువ శాతంగా తీసుకుంటుంది కనుక, అన్నిటికంటే చవక సీసాయే అక్కడ అన్నిటికంటే నష్టపు బేరం. నూట ఇరవై నుంచి రెండు వందల మధ్య పెట్టిన డబ్బుకు మంచి విలువ వస్తుంది. పై తరగతి వైన్‌లకు ధర పొరుగు దేశాల దుకాణాలతో పోల్చినా నిలబడుతుందని, ఆ రాత్రి తమ్ముడు నాలుగైదు సీసాల ధరలు వెతికి చూసి ఒప్పుకున్నాడు. జర్మనీ దాకా కారు తోలేవాళ్లకు నిజంగా మిగిలేది బీరులోనూ, చవక పెట్టె వైన్‌లోనూ.

అంతేకాదు, ఎనిమిదిన్నర శాతం దగ్గర పన్నులో ఒక మెట్టు ఉంది. అది దాటితే ఒక రేటు, దాటకపోతే అంతకంటే తక్కువ రేటు. మోజెల్ కబినెట్ ఎనిమిది శాతమే కనుక కింది మెట్టులో ఆగుతుంది. అంటే ఆ 129 క్రోనాల్లో సర్కారుకు పోయేది తక్కువ, ఏటవాలు కొండ మీద చేత్తో కోసిన ద్రాక్షకు పోయేది ఎక్కువ. ఇంత తెలిశాక ఆ సీసాను చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మూడు కొన్నాను. నా ముందు వరుసలో ఉన్న కుర్రాడిని వయసు రుజువు అడిగారు. ఆ దుకాణాల్లో ఇరవై నిండనివారికి అమ్మరు.

అక్కడి హోటళ్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. బుధవారం మాల్మోలో ఒక భోజనశాలలో ఒక్క గ్లాసు తెల్ల వైన్‌కు 135 క్రోనాలు తీసుకున్నారు. నేను కొన్న సీసా మొత్తం కంటే ఎక్కువ. వైన్ కూడా రుచిగా లేదు. ఆ బిల్లు ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

శుక్రవారం సాయంత్రం పక్కింటివారు వచ్చారు. పెద్దాయన గోంగూర మొదటి ముద్దకే కళ్లు పెద్దవి చేసి, గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, మళ్లీ ముద్ద కలుపుకున్నారు. మంటకూ తీపికీ మధ్య ఆ పులుపు సన్నని దారంలా సాగి, తర్వాతి ముద్దకు నోటిని సిద్ధం చేస్తోంది. "అన్నయ్యా, ఇది మన చెరుకురసంలో నిమ్మకాయ పిండినట్టుంది" అన్నాడు తమ్ముడు. వైన్ తాగని మరదలు కూడా నాలుక తడి చేసుకుని, "బావగారూ, దీనికి ఎర్రది నిజంగానే పనికొచ్చేది కాదు" అంది. మూడో సీసా గుత్తివంకాయ దగ్గర అయిపోయింది. పెద్దాయన ఖాళీ సీసాను దీపానికి అడ్డంగా పెట్టి పేరు చదివి, తన కళ్లజోడు పెట్టెలోని చీటీ మీద రాసుకున్నారు.

మర్నాడే నా తిరుగు ప్రయాణం, రాత్రి విమానం. మధ్యాహ్నం రెండుంపావుకే దుకాణంలో ఉన్నాను. సోమవారం మాట్లాడినావిడ కనిపించలేదు. ఆ అరలో రీస్లింగ్ నాలుగు సీసాలు మిగిలి ఉన్నాయి. మన విమానాశ్రయంలో సుంకం లేకుండా తెచ్చుకోవడానికి హద్దు రెండు లీటర్లు. మూడు సీసాలైతే రెండుంపావు లీటర్లు అవుతుంది. రెండే తీసుకుని, రసీదు జేబులో పెట్టుకుని, ఇంటికి వచ్చి మరదలి పాత తువ్వాళ్లలో చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ సర్దాను.